కింద పోయే రైలు, మీద పోయే రైలు

వనపర్తి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చివరి ఏడాది చదువుతున్నప్పుడు మాకు సెమినార్ అని ఒకటి ఉండేది. ప్రతి ఒక్కరూ ఒక విషయం మీద పది పేజీల రిపోర్టు రాసి, క్లాసు ముందు నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడాలి. విషయాలను చీటీల మీద రాసి, చాక్‌పీసుల డబ్బాలో వేసి, సార్ బెంచీల మధ్య తిరిగారు. నా పక్కన కూర్చునే నాగర్‌కర్నూల్ అమ్మాయికి ఇంకుడు గుంతలు వచ్చాయి. నేను తీసిన చీటీలో ‘నగరాల్లో భూగర్భ రైలు, లైట్ రైలు: ఖర్చుల పోలిక’ అని ఉంది.

చదివి వినిపించగానే క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలోంచి ఎవరో, “మా ఊరికి బస్సే సక్కగ రాదు, భూమి కింద రైలంట” అన్నారు. నేనూ నవ్వాను. నాకు తెలిసిన రైలు ఒక్కటే, గద్వాల స్టేషన్లో ఆగే ప్యాసింజరు. దాంట్లో ఒకసారి కర్నూలు పోయొచ్చాను. భూమి కింద పోయే రైలుకు ఎంతవుతుందో, రోడ్డు మీదే పట్టాలు వేసి నడిపే తేలికపాటి రైలుకు ఎంతవుతుందో వడ్డేపల్లి దగ్గర పల్లెలో పుట్టిన దానికి ఏం తెలుస్తుంది?

నవ్వాను గానీ, చీటీని మడిచి పిడికిట్లో దాచుకున్నాను. ఆ క్లాసులో ఎవరికీ తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. మా నాయన నాలుగేళ్లు ఢిల్లీలో భూమి కింద రైలు కోసం మట్టి తవ్వి, ఈమధ్యే తిరిగొచ్చాడు.

పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు ఫారంలో తండ్రి వృత్తి అన్న చోట ‘వ్యవసాయం’ అని రాశాను. అబద్ధమని కాదు. మాకు రెండెకరాల చేను ఉంది. కానీ ఆ చేను మమ్మల్ని ఎప్పుడూ ఏడాది పొడుగునా సాకలేదు. మా నాయన పెళ్లికి ముందునుంచే, కూలీలను దూరం పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రి వెంట మట్టి పనికి పోయేవాడు. కాలువలు, డ్యాములు, ఆఖరికి ఢిల్లీ. హాస్టల్లో ఎవరైనా అడిగితే నేను ‘మా నాయన చేను చేస్తడు’ అని చెప్పేదాన్ని. మొదటి ఏడాది ఒకసారి ఆయన తెల్ల చొక్కా వేసుకుని హాస్టల్‌కు వచ్చాడు. గేటు దగ్గర నా స్నేహితురాలు, “ఈసారి పంట ఎట్లుంది పెద్దనాయనా?” అని అడిగింది. ఆయన నా ముఖం వైపు ఒక్క క్షణం చూసి, “మంచిగనే ఉంది బిడ్డా” అన్నాడు. అప్పటికి ఆయన చేను చూసి ఎనిమిది నెలలు అయింది.

అందుకే ఆ చీటీ రాగానే నేను మా నాయనను అడగాలనుకోలేదు. లైబ్రరీకి పోయాను. ఒక పాత ఇంజనీరింగ్ పత్రిక సంపుటంలో నాకు కావలసిన వ్యాసం దొరికింది. అందులో ఒక పట్టిక ఉంది. కిలోమీటరుకు భూగర్భ రైలుకు ఇంత, లైట్ రైలుకు ఇంత. కింద పోయేది మీద పోయేదానికంటే ఎన్నో రెట్లు ఖర్చు. పట్టికను చార్టు మీద ఎర్ర స్కెచ్చుపెన్నుతో వేశాను. రిపోర్టు అయిపోయిందనుకున్నాను.

సెమినార్‌కు ముందు సార్ అందరితో ఒకసారి మాట్లాడించి చూసేవారు. నా వంతు వచ్చినప్పుడు గడగడా చెప్పేశాను. సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“అంకెలు మంచిగనే చెప్పినవమ్మా. ఎందుకంత తేడా?”

“కింద సొరంగం తవ్వాలి సార్.”

“మీద కూడా మట్టి తవ్వుతరు గదా. సొరంగంల ఖర్చు యాడ పుడుతది?”

నేను చార్టు మీది ఎర్ర అంకెలనే మళ్లీ చూశాను.

“పైసలు ఏ పనికి పోతున్నయో తెల్వకుండ ఎంతయితదో చెప్పుడు ఎందుకు? మనం ఇంజనీర్లమా, టికెట్లు కొట్టేటోళ్లమా?” అన్నారు. కోపంగా అనలేదు. అయినా నాకు ఏడుపొచ్చింది. “పదిహేను దినాలు టైమిస్తున్న. అంకెలు పక్కకు పెట్టి, కారణం పట్టుకొని రా.”

ఆ శనివారమే బస్సెక్కి ఇంటికి పోయాను.

మా నాయన అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. ఢిల్లీలో ఆయన పనిచేసిన స్టేషను పూర్తయి గుంపంతా తిరిగొచ్చింది. మేస్త్రి నుంచి మళ్లీ కబురు వచ్చేదాకా ఖాళీ. అమ్మ విత్తనాల కోసం పెంచే సీడ్ పత్తి చేలల్లో పూలకు పుప్పొడి అద్దే పనికి పొద్దున్నే పోయేది. నాయన పగలంతా ఏం తోచక చేని చుట్టూ కంప సర్దుతుండేవాడు.

నేను చేను దగ్గరికే పోయి అడిగాను. “నాయినా, ఢిల్లీల నువ్వు ఏం పని చేసినవు?”

ఆయన కంప కొడవలి కింద పెట్టాడు. “మట్టి పని. తెల్వదా నీకు?”

“గట్ల కాదు. భూమి కింద రైలు బాట మొదటి నుంచి ఎట్ల తీస్తరో చెప్పు. నాకు పరీక్షుంది.”

“ఏం పరీక్ష? నన్ను పరేషాన్ చేసే పరీక్షనా?” అని నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపాడు. “నడువు, బాయి కాడికి పోదాం” అన్నాడు.

మా చేలో పాత బావి ఒకటి ఉంది. బోర్లు వచ్చాక అందులో నీళ్లు లేవు. ఇద్దరం ఒడ్డున కూర్చున్నాం.

“నువ్వు చేన్ల కాలువ తీస్తున్నవనుకో. పారతోని తీసిన మట్టి యాడ ఏస్తవ్?”

“పక్కకే. గట్టు మీద.”

“ఈ బాయి అడుగున తీస్తే?”

“మీదికి మోయాలె.”

“మోసినవ్. గిప్పుడు యాడ ఏస్తవ్? ఇది నీ చేను కాదు. ఢిల్లీ నడిబొడ్డు. ఇటు దుకాణం, అటు ఇల్లు. లారీ రావాలె. పగలు ఆ సందులకు లారీని రానియ్యరు. లారీ వచ్చేదాక మట్టి కుప్ప ఆడనే ఉండాలె. కుప్పకు జాగ కావాలె. ఆ జాగకు కిరాయి. రోడ్డు మీద పట్టాలేస్తే ఇయ్యన్ని ఉన్నయా?”

నేను నోటుబుక్కు తెరిచాను. ఆయన దాన్ని చూసి కొంచెం సర్దుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత మాట మెల్లగా, ఒక్కొక్క పని విడదీసి చెప్పడం మొదలుపెట్టాడు.

“బాయి ఒడ్డు కూలకుండ మనం తవ్వినంక రాళ్లు కడ్తం. ఆడ తవ్వకముందే గోడ కడ్తరు.”

“తవ్వకముందు గోడ ఎట్ల కడ్తరు?”

“గదే చెప్తున్న. సన్నగ, లోతుగ ఒక చీలిక తీస్తది మిషను. తీసినకాడికి కూలిపోకుండ చిక్కటి బురద నీళ్లు నింపుతరు. ఆ బురదల్నే ఇనుప పంజరం దింపి కాంక్రీటు పోస్తరు. కాంక్రీటు కింద కూసుంటది, బురద మీదికొస్తది. చుట్టూత గట్ల గోడ అయినంకనే నడుమ మట్టి తీసుడు.”

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. డయాఫ్రం వాల్. నాలుగో సెమిస్టర్లో ఆ పేరు కింద ఆరు వాక్యాలు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను. అది ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఆ పేరే తెలియని మా నాయన ఆ బురదను చేత్తో తాకి చూశాడు. “మా పుస్తకంల దానికి పేరుంది నాయినా” అని చెప్పాను. ఆయన రెండుసార్లు పలకడానికి చూసి, “గంత పెద్ద పేరా ఆ గోడకు!” అన్నాడు.

“ఎక్కువ ఖర్చు సొరంగానికేనా?” అని అడిగాను.

“సొరంగం మిషను తవ్వుకుంట పోతనే ఉంటది. పైసలు తినేది స్టేషను. వందలమంది ఒక్కసారి దిగాలె, ఎక్కాలె. మెట్లు కావాలె, గాలి కావాలె, అగ్గి అంటుకుంటే ఉరికొచ్చే బాట కావాలె. గదంత భూమి కింద. మీద రైలుకు స్టేషనంటే ఏముంది? అరుగు, నీడకు రేకు.”

తర్వాత గాజు పట్టీల సంగతి చెప్పాడు. ఆ స్టేషను పక్కన పాత ఇళ్లు ఉండేవి. కింద తవ్వుతుంటే మీది గోడలు కదులుతున్నాయా అని చూడడానికి, గోడల్లో అప్పటికే ఉన్న పగుళ్ల మీద అడ్డంగా సన్నని గాజు ముక్కలు అతికించేవారట. పగులు వెంట్రుకవాసి పెరిగినా గాజు విరుగుతుంది. రోజూ పొద్దున ఆ ఇళ్లకు పోయి గాజులు చూసి రావడం ఇంకొకరితో పాటు మా నాయన పని. ఒక ఇంట్లో ముసలావిడ ఒక్కతే ఉండేది. రోజూ ఆయన పోగానే “ఆజ్ ఠీక్ హై?”, ఇవాళ బాగుందా, అని అడిగేది. ఆయన గోడ చూసి “ఠీక్ హై అమ్మా” అనేవాడు. కొన్నాళ్లకు ఆమె ఈయన వచ్చే వేళకు రెండు రొట్టెలు కాల్చి పెట్టడం మొదలుపెట్టింది.

“ఒకనాడు పోతే గాజు ఇరిగి ఉంది. సన్నగ, గీత లెక్క. ఆమె అడిగింది, ఆజ్ ఠీక్ హై అని. ఏం చెప్పాలె? ‘ఆగు అమ్మా, సాబ్‌ను పిలుచుకొస్త’ అని ఉరికిన. పని ఆపిన్రు. ఎనిమిది దినాలు. గోడ కింద సిమెంటు నీళ్లు ఎక్కించి, లోపల ఇంకో వరస ఇనుప దూలాలు పెట్టి, మళ్ల గాజు అతికించినంకనే పార పట్టనిచ్చిన్రు. ఆ ఎనిమిది దినాలు క్రేను కిరాయి ఆగలే, పంపులు ఆగలే, మా కూలి ఆగలే. ఒక్క గాజు ముక్కకు.”

“ఇల్లు?”

“మంచిగుంది. నేను వచ్చేటప్పుడు గూడ ఆమె రొట్టెలు కట్టిచ్చింది.”

సార్ అడిగిన కారణం నాకు దొరికింది. పట్టికలోని ఆ పెద్ద అంకెలో ఆ ముసలావిడ గోడ ఉంది. గోడ నిలబడినందుకు అయిన ఖర్చు అది. లైబ్రరీలో చూసినప్పుడు అదంతా దుబారాలాగా అనిపించింది నాకు. ఇప్పుడు ఎవరూ దాన్ని దుబారా అనలేరని తోచింది.

మర్నాడు నాయనే అన్నాడు. “సొరంగంల ఊరే నీళ్ల సంగతి నాకంటే మంచిగ తెల్సినాయన ఉన్నడు. నాగర్‌కర్నూల్‌ల ఉంటడు. నువ్వు ఎట్లనూ వనపర్తికి పోవాలె గదా. ఇద్దరం పోదాం.”

గద్వాలలో బస్సు మారేటప్పుడు గంట ఖాళీ దొరికింది. నాయన నన్ను ఊరి బయటికి తీసుకుపోయాడు. రాయచూరు వైపు కొత్త రైలు బాట కోసం పొడుగునా మట్టి కట్ట పోస్తున్నారు. రెండు పక్కల నుంచి ఎర్రమట్టి తీసి నడుమ పోసి, రోలరుతో అణుస్తున్నారు. “చూడు, ఈడ గాజులు లేవు, గోడలు లేవు. తీసిన మట్టే రైలు బాట అయితుంది. గిదీ మీద పనంటే” అన్నాడు. కట్ట మీద పనిచేస్తున్నవాళ్లు ఆయన్ను చూసి చెయ్యెత్తారు. ఎవరో తెలిసినవాళ్లా అని అడిగితే, “తెల్వదు. మట్టి పనోళ్లను మట్టి పనోళ్లు గుర్తుపడ్తరు” అన్నాడు.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ చేరేసరికి మధ్యాహ్నమైంది. బస్టాండుకు దగ్గరలోనే ఒక చిన్న షెడ్డు, బయట నాలుగైదు బోరు మోటార్లు విప్పి పరిచి ఉన్నాయి. నడుముకు నూనె గుడ్డ కట్టుకున్న పెద్దాయన లేచి, మా నాయనను రెండు చేతులతో కౌగిలించుకున్నాడు. ఢిల్లీలో సొరంగంలో నీళ్లు తోడే పంపులన్నీ చూసుకున్నది ఆయనే. మోకాళ్లు అరిగి, ఇక మెట్లు దిగలేక, సొంత ఊరికి వచ్చి మోటార్లు బాగుచేసుకుంటున్నాడు. నేను ఆయన్ను చాచా అని పిలిచాను.

నాయన వచ్చిన పని చెప్పాడు. చాచా నా నోటుబుక్కు తీసుకుని, పట్టిక ఉన్న పేజీ వెనకా ముందూ తిప్పి చూశాడు.

“ఇది కట్టే ఖర్చు. నడిపే ఖర్చు యాడుంది బేటీ?”

ఆయన చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని కొత్త పేజీ తిప్పాను.

“మనుషులకు ఆదివారం ఉంటది. నీళ్లకు లేదు. తవ్వేటప్పుడు నా పంపులు ఒక్క గంట ఆగితే మీ నాయిన మోకాళ్లదాక మునుగుతుండె. గిప్పుడు రైలు నడుస్తుంది గదా, పంపులు బంద్ అయినయనుకుంటున్నవా? గోడల నుంచి ఊట వస్తనే ఉంటది. పంపు నడవాలె, గాలి పంకా నడవాలె, పట్టపగలు గూడ లైటు వెలగాలె. నువ్వు ముసల్దానివి అయినంక గూడ నడవాలె. రాయి.”

రాశాను. ఆయన చాయ్ తెప్పించాడు. సాసరులో పోసుకుంటూ, “నన్నడిగితే ఈ కింద రైలే వద్దంట” అన్నాడు.

నాయన తాగుతున్న చాయ్ ఆపాడు. “ఎందుకు భాయ్? నాలుగేండ్లు దాంట్లనే కదా బతికినం?”

“బతికినం. ఎవలు కాదన్నరు? నేను జవానీల కలకత్తాల ఉన్న. ఆడ రోడ్డు మీద ట్రాం పోతది. కడ్డీ పట్టుకొని ఎక్కుడే. మెట్లు లేవు, భూమి లోపలికి దిగుడు లేదు. కూరగాయలమ్మేది గంపతోని ఎక్కుతది. ముసలోడు కట్టెతోని ఎక్కుతడు. కిటికీల నుంచి బజారంత కనపడ్తది. నా అసోంటి మోకాళ్లోడు నీ స్టేషన్ల ఎట్ల దిగాలె?”

“కరెంటు మెట్లున్నయి కదా.”

“అవి ఖరాబయిన దినం?”

“నీ ట్రాం ముంగట ఎద్దుల బండి అడ్డమొస్తే?”

“ఆగుతది. జర సేపు ఆగితే ఏం కొంప మునుగుతది?”

“దాంట్ల పురుడు నొప్పుల మనిషి ఉంటే?” నాయన గొంతు పెరిగింది. “దవాఖానకు ఎట్ల పోవాలె? ఢిల్లీల ఆ రోడ్డు నువ్వు చూడలేదా? నడిచిపోయేటోడు బస్సు కంటే ముందు పోతుండె. ఆ రోడ్డు మీద ఇంకో రెండు పట్టాలు ఏడ పడ్తయి? పక్క దుకాణాలు కూలగొడ్తవా? గా దుకాణపోడు ఏం తినాలె? గందుకే కదా మనం కిందికి పోయినం!”

చాచా సాసరు కింద పెట్టాడు. తర్వాత, “ఆ రోడ్డుకు అయితే నువ్వన్నది సహీ. నాగర్‌కర్నూల్‌కు అయితే?” అన్నాడు.

నాయన బస్టాండు వైపు చూశాడు. రెండు ఆటోలు, ఒక బస్సు, నీడకు పడుకున్న బర్రె. ముగ్గురం ఒక్కసారే నవ్వాం.

వాళ్లిద్దరూ తెలియకుండానే నా సెమినార్ ముగింపు తేల్చేశారు. ఏది చౌక అనే ప్రశ్న ఒక్కటే వేస్తే జవాబు ఎప్పుడూ మీద రైలే. కానీ ఆ దారిన గంటకు ఎంతమంది పోతారు, ఆ రోడ్డు వెడల్పెంత, పక్కన ఎవరు బతుకుతున్నారు అన్నవి ముందు తెలియాలి. జనం కొద్దిగా ఉన్న చోట కిందికి పోవడం వృథా. రోడ్డు కిక్కిరిసిన చోట మీద పట్టాలు వేస్తే, మిగిలిన డబ్బుకంటే పోయే కాలం, పోయే దుకాణాలు ఎక్కువ కావచ్చు. తిరుగు బస్సులో ఇదంతా నాయనకు చదివి వినిపించాను. కొన్ని మాటలు అర్థం కాకపోతే ఆపి అడిగాడు. ఆయన అట్లా అడగడం, నేను చెప్పడం మా ఇద్దరికీ కొత్త.

రిపోర్టు చివరి పేజీలో ఎక్కడి నుంచి సమాచారం తీసుకున్నామో రాయాలి. పత్రిక పేరు, పాఠ్యపుస్తకం పేరు రాశాను. తర్వాత, “నీ పేరు రాస్త నాయినా. చాచాది గూడ” అన్నాను.

ఆయన కిటికీ బయటికి చూస్తూ, “ఏమని రాస్తవు?” అన్నాడు.

“మట్టి పని కార్మికుడు, మా నాయన అని.”

“మీ దోస్తులు నవ్వరా?”

హాస్టల్ గేటు దగ్గర ఆయన నా ముఖం వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. అంటే అన్నేళ్లూ ఆయనకు తెలుసు. ఒక్కనాడూ అడగలేదు. “నవ్వనీ” అన్నాను. ఆయన నా నోటుబుక్కును సంచీలో పెట్టి, వనపర్తి వచ్చేదాకా ఒళ్లోనే పట్టుకున్నాడు.

సెమినార్ రోజు చార్టులో పట్టిక పక్కన మూడు బొమ్మలు వేసుకుపోయాను. గోడ, గాజు పట్టీ, పంపు. ఇరవై నిమిషాలకు ఇంకో పది నిమిషాలు ఎక్కువే మాట్లాడాను. ముసలావిడ గోడ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీవాళ్లు చార్టు చూడడానికి ముందుకు వంగారు. సార్ రిపోర్టు తిరగేస్తూ ఆఖరి పేజీ దగ్గర ఆగారు.

“ఈ ఇద్దరు ఎవరు?”

“ఒకరు మా నాయన సార్. ఢిల్లీలో ఈ పనిలో మట్టి తీశారు. ఇంకొకరు పంపులు చూసుకున్నారు.”

ఎవరూ నవ్వలేదు. సార్ ఆ పేజీని కొంచెంసేపు చూసి, “మంచి పని చేసినవమ్మా” అన్నారు. తర్వాత క్లాసు వైపు తిరిగి, “మీలో ఎంతమంది ఇండ్లల్ల గిట్ల బయటి పనులకు పోయేటోళ్లున్నరు?” అని అడిగారు.

మొదట ఇంకుడు గుంతల అమ్మాయి చెయ్యెత్తింది. ‘మా అన్న, పుణెలో’ అంది. మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం, నాకు చెప్పలేదు. తర్వాత శ్రీరంగాపూర్ అబ్బాయి. తర్వాత వెనక బెంచీలో ఇద్దరు. నేను లెక్కపెట్టడం మానేశాను. సగానికి పైగా చేతులు లేచాయి. ఎవరి నాయన డ్యాములో, ఎవరి మామ రోడ్ల మీద, ఎవరి అమ్మ ఇటుకల బట్టీలో. అందరమూ ఫారాల్లో ‘వ్యవసాయం’ అనే రాసుకున్నాం.

సార్ ఆ తర్వాత చాలాసేపు పాఠం చెప్పలేదు. ఒక్కొక్కరినీ, వాళ్లింట్లో వాళ్లు చేసే పని ఏమిటో, ఎట్లా చేస్తారో అడిగారు. వచ్చే వారం రిపోర్టుల్లో అవి కూడా రాసుకు రమ్మన్నారు. ఆ ఏడాది మా బ్యాచ్ సెమినార్లు వేరేగా ఉన్నాయని మిగతా లెక్చరర్లు కూడా చెప్పుకున్నారు. హాస్టల్లో మా మాటలు మారాయి. ఇంకుడు గుంతల అమ్మాయీ నేనూ అన్నం తింటూ మా అన్న ఇట్లా, మా నాయన ఇట్లా అని పోటీలు పడి చెప్పుకునేవాళ్లం.

నాయనను క్లాసుకు ఒకసారి పిలుచుకు రమ్మని సార్ అడిగారు. కుదరలేదు. అప్పటికే గుంపు మేస్త్రి కబురొచ్చి ఆయన బెంగళూరు పోయాడు. చాచాకు రిపోర్టు జిరాక్సు ఒకటి పోస్టులో పంపాను. దాన్ని షెడ్డులో గోడకు మేకుతో కొట్టి, మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చిన రైతులందరికీ చూపించాడని తర్వాత తెలిసింది.

డిప్లొమా అయ్యాక నాకు సర్వే పనిలో ఉద్యోగం దొరికింది. తర్వాత సాయంత్రం కాలేజీలో చదివి డిగ్రీ తెచ్చుకున్నాను. నాయన ఇంకో మూడేళ్లు పనికి పోయి, కాలువ నీళ్లు వచ్చాక చేనికే తిరిగొచ్చాడు. కానీ ఆ ఏడాది గురించి తలచుకుంటే ముందు గుర్తొచ్చేవి ఆదివారం పొద్దుటి ఫోన్లు.

హాస్టల్ ఎదుటి కిరాణా కొట్టులో రూపాయి బిళ్ల వేసి మాట్లాడే ఎర్ర ఫోను ఉండేది. అంతకుముందు నాయన ఫోను చేస్తే ‘తిన్నవా, పైసలు ఉన్నయా’ అని రెండు ముక్కలు అడిగి పెట్టేసేవాడు. బెంగళూరు పోయిన నెలకు, ఒక ఆదివారం మేస్త్రి సెల్ నుంచి ఆ కొట్టుకు ఫోను చేశాడు.

“బిడ్డా, ఈడ రోడ్డు నడుమ పెద్ద పెద్ద స్తంభాలు లేపుతున్నరు. రైలు వాటి మీద పోతదంట. కిందనూ కాదు, రోడ్డు మీదనూ కాదు. ఇది నీ రిపోర్టుల ఉందా?”

“లేదు నాయినా.”

“నేను ఈడి ఇంజనీరును అడిగిన. చిన్న పిలగాడే. ‘సాబ్, ఢిల్లీల కింద చేసినం, ఈడ మీద ఎందుకు చేస్తున్నరు’ అంటే, నా దిక్కు జర సేపు చూసి, కాగితం తీసి బొమ్మ గీసి చెప్పిండు. నాకు సగం సమజయింది. సగం కాలే. ఈడ కింద గట్టి బండ ఉందంట. బండ ఉంటే ఖర్చు పెరుగుతదా, తగ్గుతదా?”

నేను జవాబు వెతుక్కున్నాను. బండను పగలగొట్టడం కష్టం. కానీ బండ తనంతట తాను నిలబడుతుంది, మెత్తటి మట్టికి కావలసినంత గోడ అక్కర్లేదు. ఏది ఎంతకు తూగుతుందో నాకు నిజంగా తెలియదు.

“రెండు తీర్లుగా ఉంటది నాయినా. సార్‌ను అడిగి చెప్త.”

“అడుగు. నేను గూడ ఈడ చూస్త, స్తంభానికి పునాది ఎంత లోతు పోతున్నరో. వచ్చే ఆదివారం చేస్త.”

కొట్టాయన పక్క గిరాకీకి పప్పు తూస్తూ నా వైపు చూశాడు. నేను కౌంటర్ మీదున్న బీడీ కట్టల కాగితం ముక్క అడిగి తీసుకుని, మరిచిపోకముందే నాయన అడిగిన ప్రశ్న దాని మీద రాసుకున్నాను.